గాలి తిరగని రోజు

ఆ తుపాను సంగతి నాకు మొదట చెప్పింది మా ఆయనే. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక షావుకారు దగ్గర ఆయన గుమస్తా. బెల్లం దిమ్మకి చెమ్మగాలి తగిలితే చాలు, మెత్తబడిపోయి గోనెకి అంటుకుపోతుంది. అందుకని బంగాళాఖాతంలో ఎక్కడ మబ్బు పట్టినా ఆయనకి తెలియాల్సిందే. గాలులు ఎటు తిరుగుతున్నాయో రంగుల్లో చూపించే మ్యాపు ఒకటి ఫోన్లో పెట్టుకుని, పొద్దున్న పళ్ళు తోముకుంటూ కూడా దాన్నే చూస్తుంటారు. ఆ రోజు నేను క్యారేజీ సర్దుకుంటుంటే ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టేరు. నీలంగా ఉన్న సముద్రం మధ్యలో ఎర్రగా చిన్న చుట్ట.

"ఇది పెద్దదయ్యేలా ఉంది. ఒడిశా వైపు పోతుందంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు. ఇవాళ నువ్వు ఆ ఒడ్డుకి వెళ్ళాలా?" అన్నారు.

"వెళ్ళకపోతే ఎలాగ? నా పనే అక్కడ," అన్నాను.

నేను ఏఎన్ఎంని. నక్కపల్లి మండలంలో, రాజయ్యపేట దరిదాపుల్లో సముద్రం ఒడ్డునున్న రెండు మూడు పల్లెలు నా కింద ఉన్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళు, బాలింతలు, పసిపిల్లల టీకాలు, అన్నీ నావే. రోజూ పొద్దున్నే అనకాపల్లిలో బస్సెక్కి, నక్కపల్లిలో దిగి, అక్కణ్ణించి ఆటోలో వెళ్తాను. పద్దెనిమిదేళ్ళుగా అదే దారి. ఎవరింట్లో నీళ్ళు చల్లగా ఉంటాయో, ఎవరి కుక్క కరుస్తుందో కూడా నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం మా డాక్టరుగారి దగ్గర్నించి మెసేజ్ వచ్చింది. వాయుగుండం తుపానయింది, పదిహేను రోజుల్లోపు కాన్పు ఉన్నవాళ్ళందర్నీ ముందుగానే ఆసుపత్రులకి చేర్చెయ్యండి అని. నా లిస్టులో నలుగురున్నారు. ఒకావిడ పుట్టిల్లు సబ్బవరం, వాళ్ళ అన్నయ్య వచ్చి తీసుకుపోయేడు. ఇద్దరు సాయంత్రంలోగా బట్టలు మూటకట్టుకుని జీపెక్కేరు. నాలుగో పిల్ల మాత్రం గుమ్మం దిగనంది.

ఇరవై ఏళ్ళుంటాయి. తొలిచూలు. తొమ్మిది నెలలు నిండేయి. మనిషి సన్నం, కడుపు పెద్దది, నడుస్తుంటే చూసేవాళ్ళకి ఆయాసం వస్తుంది. ఆ పిల్ల మొగుడు ముందు రోజు తెల్లవారుజామున మరో ముగ్గురితో కలిసి బోటులో చేపల వేటకెళ్ళేడు. తుపాను కబురు తెలిసి ఊళ్ళో బోట్లన్నీ వెనక్కి వచ్చేసేయి. ఆ ఒక్క బోటూ రాలేదు. ఫోను కొడితే స్విచ్చాఫ్.

"ఆసుపత్రికెళ్ళి పడుకుంటే వాడు వచ్చేక అక్కడికే వస్తాడమ్మా," అని బతిమాలేను.

"ఆడొచ్చీసరికి ఇంటికాడ నాను నేకపోతే ఎతుక్కుంటాడు," అంది. ఇంకేం చెప్పినా అదే మాట.

వాళ్ళ అత్త ఇసకలో కూర్చుని సముద్రం వైపు చూస్తోంది. అరవై దాటిన మనిషి. మొగుణ్ణి ఎప్పుడో సముద్రానికే పోగొట్టుకుంది. ఆవిణ్ణి కూడా అడిగేను, కోడలికి నచ్చజెప్పమని.

"నానడ్డు సెప్పట్నేదు సిస్టరమ్మా. అది ఎల్తానంటే ఎల్లమను. నానైతే ఆడు ఒడ్డెక్కీదాకా ఈడనించి కదల్ను," అంది నా వైపు తిరక్కుండానే.

ఆఖరి ఆటో వెళ్ళిపోతోందంటే ఇంటికి బయల్దేరేను. నొప్పులొస్తే వెంటనే ఫోను చెయ్యమని పక్కింటి వాళ్ళకి కూడా చెప్పేను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానన్న మాటే గానీ బయట ఏం పోతోందో చూడలేదు.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే మా ఆయన అడిగేరు. "అందరూ చేరేరా?"

"ముగ్గురే. ఒక పిల్ల రానంది. మొగుడు బోటు తిరిగి రాలేదు," అని సంగతంతా చెప్పేను.

ఆయన తినడం ఆపి, "ఆ బోటు ఏం రంగు?" అన్నారు.

"నీలం. పసుపుపచ్చ చార ఉంటుందిట. ఎందుకూ?"

"ఊరికే," అన్నారు. మాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆయన ఊరికే ఏదీ అడగరని నాకు తెలుసు. కానీ అలిసిపోయి ఉన్నాను, మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆకాశం ఇత్తడి చెంబు రంగులో ఉంది. వాన అప్పుడో జల్లు ఇప్పుడో జల్లు. మా ఆయన బస్టాండు దాకా బండి మీద దింపేరు. ఎప్పుడూ దింపరు, కొట్టు తెరిచే టైము అదే. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "గంటకోసారి ఫోను చేస్తాను, ఎత్తు," అన్నారు.

నిజంగానే గంటకోసారి చేసేరు. ఎనిమిదింటికి, తీరానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉంది అన్నారు. తొమ్మిదింటికి, కాకినాడ వైపు మొగ్గుతోంది అన్నారు. పదింటికి చేసినప్పుడు గొంతు మారింది.

"ఇదిగో, తుపాను స్పీడందుకుంది. తునికీ మీకూ మధ్య ఎక్కడో, సాయంత్రానికే తీరం దాటుతుందంటున్నారు. ఆ పిల్లని తీసుకుని వచ్చేసెయ్."

అప్పుడు నేను ఆ ముసలావిడ పక్కనే నుంచుని ఉన్నాను. ఆవిడ రాత్రంతా ఇంట్లోకి వెళ్ళలేదుట. చెంగు తల చుట్టూ బిగించి కట్టుకుంది. చెయ్యి ఎత్తి ఈశాన్యం మూల చూపించింది.

"నిన్న మాపటేల నించీ సూత్తన్నాను. గాలి ఆ మూలనించే కొడతంది. పక్కనించి పోయీదైతే ఈపాటికి తిరగాల. తిరగట్నేదు. అంటే మన మీదకే వత్తంది," అంది.

ఫోన్లో ఆయన చెప్పిందీ, ఇసకలో ఈవిడ చెప్పిందీ ఒక్కటే.

"మరి తెలిసీ ఇక్కడే ఉంటావా అమ్మా?" అన్నాను.

"ఆ బోటు రానీ," అంది.

ఊళ్ళో జనాన్ని తుపాను భవనంలోకి పంపిస్తున్నారు. మైకులో చెప్తూ ఒక ఆటో సందుసందుకీ తిరుగుతోంది. ఆడవాళ్ళు బియ్యం మూటలు, చాపలు, పిల్లల పుస్తకాల సంచులు నెత్తినెట్టుకుని పోతున్నారు. మగవాళ్ళు బోట్లని ఒడ్డు మీదకి దూరంగా లాగి కొబ్బరి చెట్లకి తాళ్ళతో కడుతున్నారు. ఆ తాటాకింట్లో మాత్రం ఆ పిల్ల మంచమ్మీద కూర్చుని తలుపు వైపు చూస్తోంది. బీపీ చూసేను. కొంచెం ఎక్కువగా ఉంది. పాదాలు నీరు పట్టి ఉన్నాయి. నెలలు నిండినప్పుడు ఈ రెండూ కలిస్తే ఫిట్సు రావచ్చు. ఆ పిల్లకేమీ చెప్పకుండా, పక్కనే కూర్చుని పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని మెల్లగా రాసేను. పద్దెనిమిదేళ్ళలో ఎంతోమందిని గదమాయించి ఆసుపత్రికి పంపేను. ఆ పిల్లని గదమాయించడానికి నోరు రాలేదు.

పదకొండింటికి మళ్ళీ ఫోను. ఈసారి ఆయన తుపాను ఎక్కడుందో చెప్పలేదు.

"ఆ పిల్ల పక్కనుందా? స్పీకర్లో పెట్టు," అన్నారు.

"ఎందుకు?"

"పెట్టు చెప్తాను."

పెట్టేను. మా ఆయన గొంతు వెనకాల గరగరమని ఇంకో గొంతు. ఎవరో గాలిలో నుంచుని మాట్లాడుతున్నట్టుంది.

"ఓలమ్మీ. నానే."

ఆ పిల్ల మంచమ్మీంచి లేవబోయి నా భుజం పట్టుకుంది. రెండు రోజులు మొగుడి కోసం ఏడ్చిన పిల్ల, తీరా వాడి గొంతు వినేసరికి, "ఏటి తిన్నావు?" అంది.

"అన్నం పెట్టేరు. సాంబారు కూడా ఏసేరు. నాకేటవ్వనేదు. ఇంజను ఆగిపోనాది. గాలి దిగువకి ఈడ్సుకుపోయి కాకినాడ కాడ ఒడ్డున పడీసింది. నలుగురం బాగున్నాం. ఫోను తడిసిపోనాది."

అప్పటికే గుమ్మంలోంచి ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. పక్కింటి పిల్ల పిలిచిందిట. ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"ఓరి నీ మొగం మండ! ఇంజను బాగోనేదని తెలిసీ ఎందుకెల్లేవురా? ఎవుల్ని ఉద్దరించాలనెల్లేవు?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ నేలమీద కూలబడిపోయి ఫోనుని చెంపకి ఆనించుకుంది. వాడు అవతల, "సర్లేయే, ఏడవకు. దాన్ని సిస్టరమ్మతో పంపించు. నువ్వూ ఎల్లు," అంటున్నాడు.

తరవాత తెలిసింది. రాత్రి నేను నిద్రపోయేక మా ఆయన కాకినాడలో తమ దగ్గర బెల్లం కొనే వ్యాపారికి ఫోను చేసేరుట. గాలి ఈశాన్యం నించి వీస్తోంది కాబట్టి ఇంజను చెడిన బోటు ఏదైనా దక్షిణానికే కొట్టుకుపోవాలని మ్యాపు చూసి అనుకున్నారుట. ఆ వ్యాపారి పొద్దున్నే తన మనిషిని హార్బరుకి పంపేడు. నీలం బోటు, పసుపుపచ్చ చార అని అడిగితే, పక్కనున్న బడిలో జాలర్లకి భోజనాలు పెడుతున్నారు చూడండని చెప్పేరు. అక్కడ దొరికేడు ఈ అబ్బాయి. ఆ మనిషి ఫోన్లోనే వాడితో మాట్లాడి, ఆ కాల్నే మా ఆయన నా కాల్తో కలిపేరు.

ఇంక ఆ పిల్ల నిమిషం ఆగలేదు. తనే లేచి చెప్పులేసుకుంది. నూట ఎనిమిదికి ఫోను చేసేను. అరగంటలో అంబులెన్సు వచ్చింది, డ్రైవరూ, మందులిచ్చే టెక్నీషియనూ ఇద్దరే. ముసలావిడ ఒక చేత్తో బట్టల మూట, ఇంకో చేత్తో వెదురు గంప పట్టుకుని ఎక్కబోయింది. గంపలో గోనెగుడ్డ కింద కోడిపెట్ట.

"ఏటమ్మా, కోడినేటి అంబులెన్సులోకి?" అన్నాడు డ్రైవరు.

"గుడ్ల మీదున్నాది. దాన్నొగ్గీసి ఎలా వత్తాను?" అంది ఆవిడ.

డ్రైవరు నా మొహం చూసేడు, ఆ పిల్ల కడుపు చూసేడు, గంప తీసుకుని తనే జాగ్రత్తగా సీటు కింద పెట్టేడు.

ఊరు దాటి సరుగుడు తోటల మధ్య నించి వెళ్తున్నాం. వాన అడ్డంగా కొడుతోంది. డ్రైవరు బండి ఆపీసేడు. "సిస్టరుగారూ, అటు చూడండి," అన్నాడు.

సముద్రం వైపు మబ్బు బాగా కిందికి దిగింది. దాని కింద నల్లగా ఏనుగు తొండంలాంటిది వేలాడుతోంది. మొదట అది కదలడం లేదనుకున్నాను. చూస్తుండగా దాని కొస నీళ్ళకి తగిలింది. అక్కణ్ణించి తెల్లగా పొగలాగ లేచింది.

"నీళ్ళు తాగతంది," అంది ముసలావిడ.

నేను టీవీలో తప్ప అలాంటిది ఎప్పుడూ చూడలేదు. తుపాన్లు చాలా చూసేను. అవి వస్తున్నట్టు ముందే తెలుస్తుంది, కిలోమీటర్లలో లెక్క చెప్తారు. ఇది ఏ మ్యాపులోనూ లేదు. పెద్దదవుతోంది తప్ప పక్కకి జరగడం లేదు. అంటే మా వైపే వస్తోందని అర్థమయ్యేసరికి డ్రైవరు బండి వెనక్కి తిప్పీసి రోడ్డు పక్కనున్న బడి ఆవరణలోకి పోనిచ్చేడు. స్లాబు వేసిన రెండు గదుల బడి. సెలవిచ్చేసేరు, గది తలుపు గొళ్ళెం పెట్టి ఉంది, తాళం లేదు. ఆ పిల్లని చెరో రెక్కా పట్టుకుని లోపలికి నడిపించేం. కిటికీలకి దూరంగా, నల్లబల్ల కింద గోడకానించి కూర్చోబెట్టేం. నేను ముందు కూర్చుని ఆ పిల్ల తలని నా మెడకింద పెట్టుకున్నాను. ముసలావిడ పక్కనించి నడుం చుట్టూ చేతులేసింది. డ్రైవరూ, టెక్నీషియనూ తలుపుకి వీపులానించి నుంచున్నారు.

చప్పుడు ఎలా ఉందని తరవాత అందరూ అడిగేరు. గూడ్సు రైలు గదిలోంచి పోతున్నట్టుంది. చెవులు దిబ్బడ పడ్డాయి. పైన స్లాబు మీద ఏవో పడి దొర్లుతున్నాయి. ఒక కిటికీ రెక్క ఊడి గదిలోకొచ్చి పడింది. ఆ పిల్ల నా చెవిలో ఏదో అంటోంది. చప్పుడు తగ్గేకే వినిపించింది. "తన్నతంది సిస్టరమ్మా, తన్నతంది," అంటోంది. నా చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. లోపల పాప గట్టిగా తన్నుతోంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

మొత్తం రెండు మూడు నిమిషాలు పట్టిందేమో. బయటికొస్తే అంబులెన్సు ఉన్నచోటే ఉంది. సరుగుడు తోటలో ఒక రోడ్డంత మేర చెట్లు లేవు. దానికి అటూ ఇటూ చెట్లు బాగానే నుంచున్నాయి. ఎక్కడిదో రొయ్యల చెరువుల షెడ్డు రేకు ఒకటి కరెంటు స్తంభానికి చుట్టుకుని ఉంది. టెక్నీషియను గంప తీసి చూసేడు. పెట్ట కళ్ళు మూసుకుని గుడ్ల మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం అలాంటి సుడిగాలులు ఇంకో రెండు చోట్ల దిగేయని తరవాత విన్నాం. కోటవురట్ల దగ్గర మా తమ్ముడి పొలంలోకి కూడా వచ్చిందిట. చెరుకుతోట మధ్యలో పాపిడి తీసినట్టు ఒక చాలు పొడుగునా పడుకోబెట్టి, చివరనున్న పంపుసెట్టు రేకులెత్తుకుని పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

హైవే ఎక్కేసరికి ఫోన్లో సిగ్నల్ పోయింది. పన్నెండింటి ఫోనూ రాలేదు, ఒంటిగంట ఫోనూ రాలేదు. తుపాను ఎక్కడుందో మాకు తెలీదు, మేం ఎక్కడున్నామో ఆయనకి తెలీదు. పడిపోయిన కొమ్మల్ని తప్పించుకుంటూ, రెండు చోట్ల జనం చెట్లు నరికి దారి చేసేదాకా ఆగి, అనకాపల్లి ఆసుపత్రికి చేరేసరికి మూడున్నరయింది.

అంబులెన్సు గేట్లోకి తిరగ్గానే చూసేను. పోర్టికోలో స్తంభం పక్కన మా ఆయన. చొక్కా అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఫ్లాస్కు. చంకలో కవరులో చుట్టిన నా పొడిచీర. పన్నెండున్నర నించీ అక్కడే ఉన్నారని సెక్యూరిటీ అతను చెప్పేడు. వచ్చిన ప్రతి బండి వెనక తలుపు దగ్గరికీ వెళ్ళి తొంగిచూసి, సారీ చెప్పి వెనక్కి వచ్చేవారుట.

నేను దిగేను. ఆయన నన్ను తలనించి కాళ్ళదాకా ఒకసారి చూసి, "ముందా అమ్మాయిని దించండి," అన్నారు. ఆ పిల్లని లోపలికి తీసుకెళ్ళేక నాకు టీ పోసేరు. నేను తాగేదాకా కప్పు తనే పట్టుకున్నారు. మా అమ్మాయి పుట్టినప్పుడు అలా తాగించేరు, మళ్ళీ అప్పుడే.

"కొట్టు?" అన్నాను.

"టార్పాలిన్లు కప్పించేను. తడిస్తే తడుస్తుంది," అన్నారు. తరవాత, "మ్యాపులో ఆ ఎరుపు మీ రోడ్డు మీదకొచ్చి ఆగిపోయింది. సిగ్నల్ పోయింది కదా, అది అక్కడే ఉండిపోయింది. మూడు గంటలు అదే బొమ్మ చూసేను," అన్నారు.

పొడిచీర తీసుకుని ఆయన చెయ్యి అలాగే పట్టుకున్నాను. జనం చూస్తున్నా ఆయన విడిపించుకోలేదు.

సాయంత్రం తుపాను తీరం దాటింది. ఆసుపత్రి జనరేటరు మీద నడిచింది. కిటికీలు ఊగేయి, వరండాలోకి నీళ్ళొచ్చేయి. ఆ పిల్లకి బీపీ మందులిచ్చేరు, తగ్గింది. తెల్లారేసరికి వాన సన్నబడింది. ముసలావిడ అడిగిన మొదటి మాట ఊరి గురించి. జనమంతా తుపాను భవనంలో క్షేమంగా ఉన్నారని మధ్యాహ్నానికి తెలిసింది. వాళ్ళ తాటాకింటికి మాత్రం కప్పు లేదు, గోడలే మిగిలేయి. అది విని ఆవిడ, "మంచం తడిసిపోయుంటాది," అంది.

కోడిని ఆసుపత్రిలో ఉండనివ్వలేదు. మా ఆయన గంప బండి ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చేరు. మా వంటింటి వెనక వసారాలో తొమ్మిది గుడ్లకి ఏడు పిల్లలయ్యేయి.

మూడో రోజు, మంచి ఎండ కాస్తుండగా, ఆ పిల్లకి నొప్పులొచ్చి మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. రెండు కిలోల ఏడొందలు. ఏడుపు వరండా దాకా వినిపించింది.

దాని తండ్రి మర్నాడొచ్చేడు, కాకినాడ నించి లారీ మీద. ఎవరో ఇచ్చిన వదులు చొక్కా, ఎండకి చిట్లిపోయిన పెదాలు. వార్డులోకి మగవాళ్ళని రానివ్వరని గుమ్మం దగ్గరే నుంచున్నాడు. అప్పుడే మా ఆయన క్యారేజీతో మెట్లెక్కుతూ, "భోజనాలు తెచ్చేను, చల్లారిపోకముందే తినండి," అని నాకు వినపడేలా కేకేసేరు. ఆ అబ్బాయి చటుక్కున వెనక్కి తిరిగేడు. గొంతు గుర్తుపట్టేడు.

"బావా, నువ్వేనా?" అన్నాడు.

మా ఆయన ఔనన్నట్టు తలాడించి, ఏం చెయ్యాలో తెలీక క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఆ అబ్బాయి వచ్చి ఆయన చేతులు రెండూ పట్టీసుకున్నాడు. నేను లోపలికెళ్ళి పాపని పాతచీరలో చుట్టి తెచ్చేను. తండ్రి ఒక అడుగు వెనక్కి వేసేడు. తాళ్ళు లాగి లాగి అరచేతులు రెండూ కాయలు కాచి పగిలిపోయి ఉన్నాయి.

"గీరుకుపోద్దేమో. ముందు నువ్వెత్తుకో బావా," అన్నాడు.

మా ఆయన క్యారేజీ కింద పెట్టి, చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని, పాపని అందుకున్నారు. బిగుసుకుపోయి నుంచుని నాతో మెల్లిగా, "తల ఇలాగేనా పట్టుకోవాలి?" అన్నారు.

"మన అమ్మాయిని ఎత్తుకోలేదేమిటి?"

"అప్పుడు మీ అమ్మ నాకు ఇస్తేగా," అన్నారు.

ఆ అబ్బాయి పక్కున నవ్వేడు. పాప కళ్ళు తెరిచి ఆ నవ్వు వచ్చిన వైపు చూసింది.